పన్నెండు మీటర్లు పైకి, మళ్లీ కిందికి: హామ్ రేడియో మాస్టు ప్రాజెక్టు డైరీ

ముందు, ఈ పని ఎందుకంటే

హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సొంత రేడియోతో దూరాలవాళ్లతో మాట్లాడే సరదా, ఉన్నవాళ్లం ఇద్దరం కలిస్తే మొదట వచ్చే మాట ఏంటెన్నా ఎంత ఎత్తులో ఉందని. దాన్ని ఎంత తొందరగా దించగలవు అని అడిగినవాళ్లు ఇంతవరకు నాకు కనపడలేదు. మాది తెనాలి దగ్గర పల్లె, సముద్రం ఎంతో దూరం లేదు. కట్టడాల మీద గాలి లెక్కలకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మ్యాపులో గాలి వేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు ఉంటే మా కోస్తాకు 50 ఉంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ గాలి చప్పుడు ఎలా ఉంటుందో ఇంట్లో కూర్చుని విన్నాం.

ఇంకో సంగతి కూడా ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు కరెంటు, సెల్ ఫోన్లు రెండూ పడుకున్నాయి. మన రేడియో పనికొచ్చేది అలాంటి రోజుల్లోనే, ఏంటెన్నా నేలకూలేదీ అదే రోజుల్లో. కాబట్టి నాకు కావాల్సింది గాలికి ఎదురు నిలబడే టవరు కాదు. తుఫాను వస్తోందని చెప్పగానే కిందికి దిగి, గాలి తగ్గాక మళ్లీ లేచే స్తంభం, అంటే ఒకదానిలో ఒకటి దూరే మూడు పైపుల మాస్టు. ఈ డైరీలో రాసే ప్రతి నిర్ణయం వెనక ఆ లెక్కే ఉంది.

సంక్రాంతి వెళ్లాక: పైపులు

అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, విదేశాల్లో చాలామంది అదే వాడతారు. కానీ ఒకదానిలో ఒకటి దూరే సైజుల్లో, మందం ఉన్న ట్యూబు మా చుట్టుపక్కల షాపుల్లో దొరకదు, దాన్ని వెల్డింగ్ చేసేవాళ్లు అంతకన్నా దొరకరు. జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపు, అయితే ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఉంటుంది, 6 మీటర్ల నిడివిలో. మీడియం రకం తీసుకున్నా, నీలం పట్టీ ఉండేది. పసుపు పట్టీ లైట్, ఎరుపు హెవీ. షాపు అబ్బాయి "అన్నీ ఒకటే సార్, బోరుకు వేసేవే" అన్నాడు గానీ పట్టీ చూసే కొనండి.

ఇక్కడ కొత్తవాళ్లకు బుర్ర తిరిగే విషయం ఏంటంటే, పైపు పేరులో ఉన్న ఇంచీలకు బయటి కొలతకు సంబంధం ఉండదు. రెండించుల పైపు బయట కొలిస్తే 60.3 మిల్లీమీటర్లు. ఒకటిన్నర ఇంచి 48.3. ఒకటింపావు 42.4. మరి ఒకటిన్నర ఇంచిలో ఒకటింపావు దూరుతుంది కదా అని అందరూ అనుకుంటారు, పేర్లు చూస్తే అలాగే ఉంటుంది. దూరదు. ఒకటిన్నర ఇంచి మీడియం పైపు గోడ మందం 3.2, రెండు వైపులా తీసేస్తే లోపల 41.9 మాత్రమే మిగులుతుంది. అర మిల్లీమీటరు తేడాతో అడ్డం. అందుకని నేను పై నుంచి కాకుండా కింద నుంచి లెక్క వేసుకున్నాను:

రెండున్నర ఇంచి అడుగు పైపు, బయట 76.1, లోపల 68.9. అందులో రెండించులది, 60.3. మధ్యలో 8.6 మిల్లీమీటర్ల ఖాళీ. దాని లోపల 53.1, అందులోకి ఒకటిన్నర ఇంచిది, 48.3. ఖాళీ 4.8.

నిడివి: అడుగు ముక్క 5 మీటర్లు, మధ్యది 5, పైది 4. మధ్యది అడుగుదానిలో ఒక మీటరు లోపలే ఉంటుంది, పైది మధ్యదానిలో 80 సెంటీమీటర్లు. మొత్తం 12.2 మీటర్లు, మన లెక్కలో 40 అడుగులు. దించితే అయిదున్నర లోపు. అడుగు ముక్క అయిదే ఎందుకంటే మా డాబా నేల నుంచి 3.3 మీటర్లు, డాబా మీద నిలబడితే మాస్టు తల చేతికి అందాలి. నిచ్చెన ఎక్కి పని చేయాల్సి వస్తే గాలివాన ముందు ఎవడూ ఎక్కడు, నేనైతే అసలు ఎక్కను.

మాఘమాసం ముహూర్తాల మధ్య: వెల్డింగ్ షాపు

పెళ్లిళ్ల సీజను, వెల్డరుకు గేట్లు, షెడ్ల పని. మన పని చివర్లో.

జీఐ పైపు లోపల నిలువునా ఒక అతుకు గీత ఉంటుంది, పొడుచుకు వచ్చిన లోహం. 8.6 ఖాళీ ఉన్న చోట అది పెద్ద బాధ కాదు, 4.8 ఉన్న చోట తగిలి ఆగిపోతుంది. పొడుగాటి రాడ్డు చివర ముతక ఎమెరీ గుడ్డ బిగించి, డ్రిల్లుకు తగిలించి, రెండు వైపుల నుంచి గీకించాం. విసుగు పుట్టే పని, తప్పదు.

వెల్డింగ్ చేసే చోట జింకు పూత ముందు గ్రైండరుతో తీసేయాలి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. "ఏం కాదు సార్, పాలు తాగితే పోద్ది" అన్నాడు వెల్డరు. పాలు తాగితే పోదు. పూత తీసి, గాలి ఆడే చోట, మాస్కు పెట్టించి చేయించాను. తర్వాత అతుకుల మీద జింకు ఎక్కువ ఉండే పెయింటు రెండు పూతలు.

పైపులు ఒకదానిలో ఒకటి గడగడలాడకుండా మధ్యలో బుష్‌లు, అంటే ఖాళీని నింపే గుండ్రటి వలయాలు కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో నైలాన్ కడ్డీ కొని అక్కడే లేతు మీద తిప్పించాను. నైలాన్ తేమ పీల్చుకుని కొంచెం ఉబ్బుతుంది. వానాకాలంలో బిగుసుకుపోతే దించడం కుదరదు, ఇక ఈ ప్రాజెక్టుకే అర్థం లేదు. అందుకే లేతు అతను "టైటుగా చేస్తా, బాగుంటది" అంటే వద్దని మిల్లీమీటరు వదులు పెట్టించాను. గాలికి కాస్త టిక్కుటిక్కు మంటుంది, అననీ.

మధ్య ముక్కను పైకి లాగే తాడు రెండు పైపుల మధ్య ఖాళీలోనే నడుస్తుంది. ముక్క అడుగున ఒక ఇనప రింగు, దానికి 4 మిల్లీమీటర్ల స్టీలు వైరు రోపు, అది బుష్‌కు పక్కన కోసిన గాడిలోంచి పైకి వచ్చి, అడుగు పైపు తల దగ్గర కప్పీ మీదుగా బయట కిందికి. పై ముక్కకు మాత్రం రోపు పెట్టలేదు. 4.8 ఖాళీలో 4 మిల్లీమీటర్ల రోపు అంటే ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కుంటుంది, ఇరుక్కునేది సరిగ్గా దించాల్సిన రోజే. పై ముక్క బరువు 14 కిలోలు, డాబా మీద ఇద్దరు నిలబడి చేత్తో లాగి బోల్టులు పెట్టేస్తే సరి.

శివరాత్రి దాటాక: గుంతలు

మాది నల్లరేగడి. ఎండాకాలం బెత్తెడు నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది, నానితే జావ. ఈ మట్టిలో కడ్డీ దిగ్గొట్టి దానికి స్టే వైరు (స్తంభం పడకుండా పక్కలకు లాగి కట్టే తీగ) కట్టడం అంటే దేవుడి మీద భారం వేయడమే. కాలవకు నీళ్లు వదిలితే నాలుగడుగుల్లోనే ఊట వస్తుంది కాబట్టి తవ్వకాలన్నీ కాలవ కట్టేసి ఉన్న రోజుల్లోనే అయిపోవాలి.

మాస్టు కింద ముప్పావు మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న దిమ్మె, ఒకటి రెండు నాలుగు పాళ్ల కాంక్రీటు. దాంట్లో రెండు ఇనప చానళ్లు నిలబెట్టి, వాటి మధ్య 20 మిల్లీమీటర్ల బోల్టు మీద అడుగు పైపు. రిపేరు చేయాల్సి వస్తే ఈ బోల్టు మీదే మొత్తాన్ని పక్కకు వంచి పడుకోబెట్టొచ్చు. పైపు అడుగున మూత వేయలేదు. లోపలికి పోయిన వాన నీళ్లు కిందికి కారిపోవాలి.

స్టేలకు మూడు వైపులా గుంతలు, మాస్టు నుంచి 6 మీటర్ల దూరంలో. కరెంటు స్తంభాలకు వాడే స్టే సెట్టు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, పొడవాటి రాడ్డు, అడుగున పలక. గుంతలో ఏటవాలుగా పెట్టి, పలక మీద కాంక్రీటు పోసి, పైన మట్టి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాం. మూడో స్టే పక్కింటి మాస్టారి గోడ దాటేలా ఉంది. అలా కుదరదు కాబట్టి మాస్టు స్థలాన్నే రెండడుగులు ఇవతలికి జరిపాం.

మాస్టారు గోడ మీంచి చూసి, "ఏమయ్యా, సెల్ టవరా? అద్దె ఎంతిస్తారంటా?" అన్నారు. కాదండీ, హామ్ రేడియో, కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది, పరీక్ష రాయాలి అని చెప్పాను. "అయితే పైసా రాదన్నమాట" అని లోపలికి వెళ్లిపోయారు. సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

స్థలం చూసుకునేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది కరెంటు తీగలు. మా వీధిలో 11 కేవీ లైను మాస్టుకు ఇరవై మీటర్ల కంటే ఎక్కువ దూరంలో ఉంది. మాస్టు ఏ వైపు పడినా, దానికి తగిలించిన వైర్లు ఎగిరి పడినా ఆ లైనును అందుకోకూడదు. 12 మీటర్ల స్తంభానికి కనీసం ఒకటిన్నర రెట్ల దూరం లేకపోతే ఎత్తు తగ్గించండి, లేదా ఆ స్థలం మానుకోండి. ఇందులో సర్దుబాటు లేదు. ఇంటికి వచ్చే సర్వీసు వైరు కూడా లెక్కలోకి వస్తుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు.

కాంక్రీటు మీద గోనెపట్టాలు వేసి తడుపుతూ ఉండటమే తర్వాత పని. పూర్తి బలానికి 28 రోజులు. తొందరపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు, మా బావమరిది అందరికంటే ముందు.

ఉగాది ముందు: వించ్

వించ్ అంటే రోపు చుట్టుకుంటూ బరువు లేపే పరికరం. లేపాల్సిన బరువు: మధ్య ముక్క మీటరుకు 5 కిలోలు, అంటే 25. పైది 14. ఏంటెన్నా, కేబులు కలిపి ఇంకో నాలుగైదు. మొత్తం 45 కిలోల లోపు. చెప్పాలంటే చేత్తో లాగినా లేస్తుంది. లాగేవాడి చెయ్యి జారినప్పుడు ఏమవుతుందన్నదే నా భయం.

షాపులో చవగ్గా దొరికే చేతి వించ్‌లకు పళ్ల చక్రం, దాన్ని ఆపే మీట ఉంటాయి. ఎత్తేటప్పుడు బ్రహ్మాండం. దించాలంటే ఆ మీటను ఎత్తి పట్టుకుని హ్యాండిలును చేత్తో ఆపుకుంటూ వదలాలి. జారిందంటే హ్యాండిలు గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది, మాస్టు ధడాలున దిగుతుంది. కాబట్టి ఆటోమేటిక్ బ్రేకు ఉన్న రకం తీసుకున్నాను. దాంట్లో దించాలన్నా హ్యాండిలు వెనక్కి తిప్పాల్సిందే, వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. ధర దాదాపు రెట్టింపు. మొత్తం ప్రాజెక్టులో బేరం ఆడకుండా కొన్నది ఇదొక్కటే.

వైరు రోపు చివర కన్ను చేసి క్లిప్పులు బిగించేటప్పుడు యూ ఆకారపు బోల్టు రోపు మడిచిన వట్టి కొస మీద, జీను లాంటి భాగం బరువు మోసే వైపు మీద రావాలి. మూడు క్లిప్పులూ ఒకే వైపు. తిరగేస్తే బోల్టు బరువు మోసే వైపును నలిపేస్తుంది. ఊళ్లో ఎక్కడ చూసినా సగం తిరగేసే ఉంటాయి, ఒకసారి గమనించండి.

ఎండలు ముదిరాక: నిలబెట్టడం

పొద్దున్నే, ఆకు కదలని వేళ. అడుగు పైపు నిలబెట్టి, డాబా స్లాబు అంచుకు ఇనప బ్రాకెట్టుతో 3.2 మీటర్ల ఎత్తున బిగించాం. పిట్టగోడకు కాదు, స్లాబుకు. పిట్టగోడ ఇటుకలు గాలి తోపుకు ఊగిసలాడి పగుళ్లిస్తాయి. రసమట్టం రెండు వైపులా పెట్టి నిలువు చూసుకున్నాం, మా తాపీమేస్త్రి నమ్మక తూకంగుండు కూడా వేలాడదీశాడు.

తర్వాత వరస ఇది. మధ్య, పై ముక్కలు లోపల దించి ఉన్నప్పుడే, డాబా మీద స్టూలు వేసుకుని పై ముక్క తలకు ఏంటెన్నా బిగించడం. కేబులు టేపు వేసి కట్టడం. పై ముక్కను ఇద్దరు 3.2 మీటర్లు లాగడం, ఒకరు పట్టుకుని ఇంకొకరు రెండు 10 మిల్లీమీటర్ల బోల్టులు దూర్చడం. అప్పుడు కింద వించ్ తిప్పడం. మూడు స్టేల దగ్గర ముగ్గురు, వైర్లు చిక్కు పడకుండా వదులుతూ. మాస్టు కింద ఎవ్వరూ ఉండకూడదు, తలకు హెల్మెట్టు లేకుండా ఎవ్వరూ పెరట్లో ఉండకూడదు. టీ తెచ్చిన మా అత్తయ్యను కూడా గుమ్మంలోనే ఆపేశారు, ఆవిడ ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉన్నారు.

మధ్య ముక్క తల 9 మీటర్లకు చేరాక 12 మిల్లీమీటర్ల బోల్టు రెండు పైపుల్లోంచి అడ్డంగా. బరువు ఆ బోల్టు మీద కూర్చోవాలి, రోపు మీద కాదు. బోల్టు దిగాక వించ్‌ను అర చుట్టు వెనక్కి తిప్పి రోపు వదులు చేశాను. రోపు పని ఎత్తడం, దించడం వరకే.

స్టేలు 9 మీటర్ల దగ్గర రింగుకు కట్టాం. మధ్యలో కరెంటు వాళ్లు వాడే గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు వేసి ముక్కలు చేశాం, లేకపోతే పొడవాటి స్టీలు వైరు తనే ఒక ఏంటెన్నా అయి కూర్చుంటుంది. టర్న్‌బకిల్ (స్టే వైరును లాగి పట్టే మర) బిగించేటప్పుడు మా బావమరిది వీణ తీగలా మోగాలి అంటాడు. అంత బిగిస్తే స్తంభాన్ని కిందికి నొక్కి వంచడమే. వదులు పోయి, చేత్తో ఊపితే కొంచెం కదిలేలా ఉంటే చాలు. బిగించాక టర్న్‌బకిల్ రంధ్రంలోంచి తీగ చుట్టి లాక్ చేయాలి, గాలికి అవి వాటంతటవే విప్పుకుంటాయి.

గాలి లెక్క ఒకటి రాసి పెడతాను. సెకనుకు 50 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు 1500 న్యూటన్ల ఒత్తిడి. స్టేల పైన ఉన్న 3.2 మీటర్ల పై ముక్క మీద దాదాపు 28 కిలోల తోపు, దాంతో పైపు పుట్టే దగ్గర వచ్చే ఒత్తిడి, ఉక్కు వంగిపోయే హద్దులో సగం దాకా ఉంటుంది. ఒట్టి పైపుకు. ఏంటెన్నా, వైర్ల లాగుడు, ఎగిరొచ్చే కొబ్బరి మట్ట ఇందులో లేవు. నిలబడుతుందేమో, కానీ పరీక్షించే ఉద్దేశం నాకు లేదు.

రోహిణి కార్తె: ఏంటెన్నా, ఎర్తు

రోళ్లు పగిలే ఎండలో ఎర్తు గుంత తవ్వించిన పాపం నాదే. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, మాస్టు నుంచి జీఐ పట్టీ. ఇది పిడుగును ఆపదు. ఉరుము వినపడగానే కేబులు రేడియో నుంచి పీకి కిటికీ బయట పెట్టాలి, ఎర్తు ఉన్నా సరే.

40 మీటర్ల బ్యాండుకు (తరంగం పొడవును బట్టి ఆ పేరు) ఇన్‌వర్టెడ్ వీ, అంటే తిరగేసిన V ఆకారపు వైరు ఏంటెన్నా. మనకు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా. 143ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కి 20 మీటర్ల చిల్లర. ఒక్కో కాలు 10.3 పెట్టి మొదలెట్టాను. ఒక కాలు కొబ్బరి చెట్టు వైపు, ఇంకోటి పెరటి గుంజ వైపు, రెండూ మాస్టుకు 12 మీటర్ల దూరంలో. శిఖరం దగ్గర కోణం 105 డిగ్రీలు, 90 కంటే తగ్గకుండా చూసుకోవాలి. వైరు చివర్లు 6 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, పిల్లలకు అందవు. పంపేటప్పుడు చివర్లలో వోల్టేజీ ఎక్కువ.

నానోవీఎన్ఏ (ఏంటెన్నా కొలిచే చిన్న మీటరు) పెట్టి చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ కనిష్ఠం 6.93 దగ్గర. పంపిన పవరు ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె అది, 1కి దగ్గరైతే మంచిది. ఒక్కో కాలు 25 సెంటీమీటర్లు తగ్గించాక 7.1కి వచ్చి కూర్చుంది, ఎస్‌డబ్ల్యూఆర్ 1.3.

రెండు మీటర్ల బ్యాండుకు తల మీద నిలువు ఏంటెన్నా. దీనికి కేబులు ముఖ్యం. 25 మీటర్ల సన్నటి ఆర్‌జీ-58 కేబులులో 145 మెగాహెర్ట్జ్ దగ్గర 5 డీబీ దాకా పోతుంది, అంటే పంపిన పవరులో మూడో వంతే పైకి చేరుతుంది. లావుపాటి ఆర్‌జీ-213లో నష్టం అందులో సగం కంటే తక్కువ. ఎత్తు వల్ల లాభం కూడా ఇక్కడే బాగా తెలుస్తుంది. రేడియో దిగంతం, కిలోమీటర్లలో, ఎత్తు వర్గమూలానికి 4.12 రెట్లు. 5 మీటర్లకు 9 కిలోమీటర్లు, 12.2కి 14. అవతలివాడి ఎత్తు దీనికి అదనం.

మృగశిర దాటాక: మొదటి అల్పపీడనం

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. తుఫాను కాలేదు, కానీ ఇంతకంటే మంచి రిహార్సల్ ఉండదని సాయంత్రమే దించేశాం. వించ్‌తో పిసరంత పైకెత్తి బోల్టు మీద బరువు తీసేయడం, బోల్టు లాగేయడం, వెనక్కి తిప్పడం. వాన తడికి బుష్‌లు బిగుస్తాయేమోనని టెన్షన్ పడ్డాను గానీ, ఆ మిల్లీమీటరు వదులు కాపాడింది, ఎక్కడా పట్టకుండా దిగింది. స్టే వైర్లు చుట్టి గోడ మేకులకు తగిలించాం. టీ చల్లారే లోపే పని ముగిసింది. ముందు పోసి పెట్టిందేమో చల్లారింది కూడా.

దించాక ఇంకో సంగతి పరీక్షించాను. ఏంటెన్నా కాళ్ల తాళ్లు రెండు వైపులా మూడేసి మీటర్లు లాగి కడితే, శిఖరం అయిదున్నర మీటర్ల ఎత్తులో ఉన్న 40 మీటర్ల బ్యాండు ఏంటెన్నా మిగులుతుంది. దూరాలకు అది దండగ. అయితే ఆ ఎత్తులో సిగ్నలు దాదాపు నిటారుగా పైకి వెళ్లి అయనోస్ఫియరు నుంచి నేరుగా కిందికి పడుతుంది, పగటి పూట రెండు మూడు వందల కిలోమీటర్ల లోపల ఎవరికైనా వినపడుతుంది. ట్యూనరు (ఏంటెన్నాను రేడియోకు సరిపెట్టే పెట్టె) పెట్టి పిలిస్తే హైదరాబాదు వైపు నుంచి, విశాఖ వైపు నుంచి ఇద్దరూ బాగానే వినపడుతోందన్నారు. అంటే తుఫాను రోజున మాస్టు దించి ఉన్నా మనకు కావాల్సిన జిల్లాలన్నీ అందుతాయి.

ఇంక మిగిలినవి: పై పైపు నోటికి మూత సరిగ్గా లేదు, అప్పుడే కందిరీగలు గూడు పెట్టే ప్రయత్నంలో ఉన్నాయి, దానికి రబ్బరు మూత కావాలి. వైరు రోపుకు గ్రీజు పెట్టాలి, కప్పీ దగ్గర ఒక పోగు గరుగ్గా తగులుతోంది, తెగిన పోగు కనపడితే రోపు మొత్తం మార్చేస్తాను. కొబ్బరి చెట్టు వైపు నైలాన్ తాడు తడిస్తే సాగుతోంది, పాలిస్టరు తాడు చెప్పాను, ఇంకా రాలేదు. యాగీ ఏంటెన్నా (ఒకే దిక్కుకు గురిపెట్టేది), దాన్ని తిప్పే రొటేటరు పెట్టమని బావమరిది పోరు. రొటేటరు బరువుతో పై ముక్కను చేత్తో లాగడం కుదరదు కాబట్టి ప్రస్తుతానికి వద్దన్నాను, అలిగాడు.